తొందరేం లేదన్న మాట

ఒకాలీ కౌంటీ జైలు, జార్జియా
ఏప్రిల్ 14, 2014

వర్డెల్ అక్కకు,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట మొదట రాయకపోతే నువ్వు మిగతాది చదవవని తెలుసు. ఇక్కడ ఫోను దగ్గర వెనక పదిమంది నిలబడి మన మాటలన్నీ వింటారు, అందుకే ఉత్తరం. ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదానివి, ఉత్తరమంటే నీకు చిన్నచూపు ఉండదులే.

జరిగింది నీకు ముక్కలు ముక్కలుగా తెలిసి ఉంటుంది, వరసగా చెబుతాను. ఫిబ్రవరిలో ఇక్కడి ఫోర్‌మైల్ చర్చిలో పియానో శ్రుతి చేశాను. పని అయ్యాక తాళం వేసుకుని వచ్చేశాను. రెండు వారాలకు వాళ్లు పాటలప్పుడు మోగించే చేతిగంటల పెట్టె మాయమైంది. తలుపు పగలలేదు, కిటికీ పగలలేదు. ఆ చర్చి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంది. అంతే, ఇంకేం కావాలి వాళ్లకు. నా వ్యానంతా గాలించినా గంట కాదు గదా, గంట నాలుక కూడా దొరకలేదు. అయినా మార్చిలో అభియోగపత్రం వేశారు. నేను ఈ కౌంటీ వాణ్ణి కాను కాబట్టి, పన్నెండేళ్ల కింద ఏదో ట్రాఫిక్ కేసుకు కోర్టుకు వెళ్లడం మరిచాను కాబట్టి బెయిలు లేదన్నారు.

నన్ను లోపల పెట్టినందుకు కాదు, నా తాళాల గుత్తికి సాక్ష్యం అని చీటీ కట్టి తీసుకెళ్లినందుకు నాకు ఒళ్లు మండింది. నలభై ఒక్క చర్చిల తాళంచెవులు అక్కా అవి. నలభై ఒక్క చోట్ల జనం "నీ వీలున్నప్పుడు రా, పోయేటప్పుడు తాళం వేసి పో" అన్నారు. నేను సంపాదించుకున్నదంతా ఆ మాటే.

కోర్టు నాకొక లాయరును ఇచ్చింది. పేరు డునవే, మన చెల్లెలి కొడుకు ఈడువాడు. రెండు వందల కేసులు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు. చిన్న దొంగతనం ఒప్పుకుంటే రేపే ఇంటికి పంపిస్తామని ప్రాసిక్యూటరు చెప్పిన మాట మోసుకొచ్చాడు. "ఒప్పుకున్నవాడికి ఏ చర్చి తాళం ఇస్తుంది బాబూ?" అన్నాను. తల గోక్కున్నాడు.

అందుకని నేనే జడ్జి గారికి మూడు పేజీలు రాశాను. సత్వర విచారణ రాజ్యాంగం నాకిచ్చిన హక్కు, పన్నెండు మంది జూరీని కూర్చోబెట్టి తేల్చండి అని మొదటి పేజీలో రాశాను. రెండో పేజీలో ఇక్కడి చిక్కుళ్ల గురించి, అవి ఉడకవు. మూడో పేజీలో జైలు ప్రార్థన గదిలో ఉన్న పియానో గురించి. అర స్వరం కిందికి జారిపోయింది, నన్ను ఒక గంట వదిలితే సరిచేస్తానన్నాను. ఉత్తరం బాగా కుదిరింది.

తాళాలు లేని నీ తమ్ముడు,
లూషస్

*

హార్లెన్
ఏప్రిల్ 27, 2014

ఒరే లూషస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి పాటల సాధనలో అందరికీ చదివి వినిపించాను. రాజ్యాంగం మాట వచ్చినచోట ఆల్టో పాడే ఆడవాళ్ల వరసంతా "ఆమెన్" అంది. చిక్కుళ్ల దగ్గర నవ్వారు. మా తమ్ముడు జడ్జికి ఎదురు నిలబడి నా హక్కు నాకివ్వు అన్నాడని చెప్పుకోవడం నాకెంత గర్వంగా ఉందో నీకు తెలియదు. మన నాన్న బతికి ఉంటే ఆ కాగితానికి ప్రతి తీయించి గోడకు తగిలించేవాడు.

ఒప్పుకోలు సంగతి ఇంకెవరు ఎత్తినా వినకు. చేయనిది చేశానని చెప్పి ఇంటికి వస్తే నా వంటింట్లో నీకు కుర్చీ వేయను.

నేను కూడా ఊరుకోలేదు. మీ లాయరుకు ఒక మంచి ఉత్తరం రాశాను. మర్యాదగా, నేను రాస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. మనం మంచి కుటుంబం నుంచి వచ్చినవాళ్లమని అతనికి తెలియాలి.

చర్చి కార్యదర్శిగా నేను తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం నిండిపోయింది, కొత్తది తెరిచాను. ఇరవై రెండేళ్లుగా ఆ పుస్తకంలో నా దస్తూరీ తప్ప ఇంకొకటి లేదు. మన చర్చి పియానోలో మధ్యనున్న ఒక మెట్టు నొక్కితే లేవడం లేదు. నువ్వు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను.

నీ అక్క,
వర్డెల్

*

ఒకాలీ కౌంటీ జైలు
జూన్ 19, 2014

అక్కా,

సోమవారం నా కేసు పిలిచారు. నువ్వు పంపిన తెల్ల చొక్కా వేసుకుని, గుండీ మెడ దాకా పెట్టుకుని వెళ్లాను. నాలుగు నిమిషాల్లో బయటికి తెచ్చేశారు. ప్రాసిక్యూటరు ఇంకో తేదీ కావాలన్నాడు, మా డునవే సరేనన్నాడు. వాయిదా.

బయట వరండాలో అతన్ని నిలదీశాను. "నన్నడక్కుండా సరేనన్నావేమిటి?" అన్నాను. "మీ ఇంటివాళ్లే తొందరేం లేదన్నారు కదండీ, తీరిగ్గా బాగా చేయమన్నారు" అన్నాడు. ఎవరన్నారో చెప్పేలోపు అతన్ని ఇంకో కేసుకు పిలిచారు.

మనవాళ్లలో ఎవరో మహానుభావుడు తొందరేం లేదన్నాడట. మూడు అడుగుల మంచం మీద నాలుగు నెలలుగా దొర్లుతున్నవాడికి తొందర లేదని వాళ్లకెలా తెలిసిందో. ఇది మన హోసియా పనే. మేనమామ కొడుకునని ప్రతి విషయంలోనూ వేలు పెడతాడు. మొన్న ఈస్టరుకు జైలుకు వచ్చి "ఏముందిరా, లోపల విశ్రాంతి" అన్నాడు.

జడ్జి గారి నుంచి జవాబు లేదు. చిక్కుళ్లు అలాగే ఉన్నాయి.

లూషస్

*

హార్లెన్
జులై 2, 2014

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నా తోటలో బెండకాయలు చేతికందనంత ఎత్తు పెరిగాయి. పీచ్ పళ్లు ఈ ఏడు చిన్నవి, తీపి మాత్రం తగ్గలేదు.

హోసియాను ఏమీ అనకు. వాడికి వేరే పాపాలున్నాయి, ఇది వాడి మెడకు చుట్టకు.

ఇక్కడి కౌంటీ కోర్టు వెనక న్యాయ గ్రంథాలయం ఒకటి ఉందట, ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చట. వెళ్లి చూస్తాను. నీ మూడు పేజీలకు జవాబు ఎందుకు రాలేదో తెలుసుకోవాలి. పోస్టులో ఇచ్చింది పోస్టులో పోదు. ఎక్కడో ఎవరి చేతికో చేరే ఉంటుంది.

మిగతా సంగతులు తరవాత రాస్తాను.

వర్డెల్

*

ఒకాలీ కౌంటీ జైలు
జులై 15, 2014

హోసియాకు నేను రాయాల్సింది రాసేశాను. వాడు జవాబు రాశాడు. తాను మా లాయరుకు చీటీ ముక్క కూడా రాయలేదని అమ్మమ్మ మీద ఒట్టేశాడు. హోసియా అబద్ధాలాడతాడు గానీ అమ్మమ్మ మీద ఆడడు.

ఇంకో కాగితం కూడా వచ్చింది. మన పైన్‌గ్రోవ్ చర్చి నుంచి. చర్చి తాళాలు మార్చామని, నా దగ్గరున్న తాళంచెవి ఇక పనికిరాదని తెలియజేస్తున్నారు. నేను బాప్తిస్మం తీసుకున్న చర్చి. పదకొండేళ్ల వయసులో మొదటిసారి పియానో మూత ఎత్తి లోపలికి తొంగిచూసిన చర్చి. కింద కార్యదర్శి సంతకం ఉంది.

నీ సంతకం నేను గుర్తుపట్టలేననుకున్నావా.

లూ. గ్రెషమ్

*

హార్లెన్
జులై 24, 2014

లూషస్, నా తమ్ముడూ,

ఇది పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు.

తొందరేం లేదన్నది నేనే. హోసియాకు క్షమాపణ రాయి, నేనూ రాశాను. ఏప్రిల్లో నీ లాయరుకు మంచి ఉత్తరం రాశానని గొప్పగా చెప్పాను చూడు, అందులోనే ఉంది. "మీకెన్ని పనులో నాకు తెలుసు బాబూ, తొందరేం లేదు, మీ వీలు చూసుకుని బాగా చేయండి" అని. ముప్పై ఒక్క ఏళ్లు కిటికీ అవతల నిలబడిన ప్రతి ముసలావిడకూ, సంచి తడుముకునే ప్రతివాడికీ ఆ మాటే చెప్పాను. మన అమ్మ నేర్పిన మాట. ఎదుటివాణ్ణి కంగారు పెట్టకపోవడమే మర్యాద అనుకుంటూ బతికాను. ఆ మర్యాద నీ జూన్ తేదీని మింగేసింది. నీ ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసింది. చెప్పే ధైర్యం లేక బెండకాయల గురించి రాశాను.

రెండోది. తాళం మార్చాలని చర్చి పెద్ద, డీకన్ టార్వర్ ప్రతిపాదించాడు. "పెద్ద విషయం కాదు, జాగ్రత్త కోసం" అన్నాడు. పధ్నాలుగు మంది చేతులెత్తారు. వ్యతిరేకం ఎవరని అడిగితే నేనొక్కదాన్నే లేచి నిలబడ్డాను. "నా తమ్ముడు మీ పియానోను ముప్పై ఏళ్లు పైసా తీసుకోకుండా కాపాడాడు, మీరు వాడి మీద గడియ పెడుతున్నారు" అన్నాను. తరవాత కూర్చుని ఆ తీర్మానం నా చేత్తోనే రాశాను, ఒకరు వ్యతిరేకించారని కూడా రాశాను. జరిగింది జరిగినట్టు రాయడం కార్యదర్శి పని. నీకు ఆ కాగితం నేను పంపకుండా ఉండాల్సింది, లేదా పక్కన నాలుగు మాటలు రాసి పంపాల్సింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

నన్ను తిట్టాలనుకుంటే తర్వాతి ఉత్తరంలో తిట్టు. ఇప్పుడు పని విషయం.

గ్రంథాలయంలో నాలుగు రోజులు కూర్చున్నాను. అక్కడి ఆవిడ చట్టం పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. నీ మూడు పేజీలు జడ్జి చించి పారేయలేదురా. అవి కోర్టు దృష్టిలో అసలు కాగితాలే కావు. లాయరు ఉన్నవాడు సొంతంగా రాసుకున్నదాన్ని కోర్టు పట్టించుకోదట. ఏది అడిగినా ఆ లాయరు చేతి మీదుగానే అడగాలి. ఒకవేళ పట్టించుకున్నా నీది చెల్లేది కాదు. ఆ డిమాండు దానికదే విడి కాగితం మీద ఉండాలి. ఇంకే కోరికా దానితో కలవకూడదు. పైన దాని పేరు స్పష్టంగా ఉండాలి, సత్వర విచారణకు డిమాండు అని. ఏ సెక్షను కింద అడుగుతున్నామో, నీ అభియోగపత్రం నంబరేమిటో ఉండాలి. ఒక ప్రతి ప్రాసిక్యూటరు చేతికి, ఒకటి నీ కేసు చూసే జడ్జి చేతికి వెళ్లాలి. నువ్వేమో రాజ్యాంగాన్ని తీసుకెళ్లి చిక్కుళ్ల పక్కన వడ్డించావు.

మన తప్పు మనం సరిచేసుకోవడానికి ఇంకా సమయం ఉంది. ఆ కౌంటీలో కోర్టు ఏడాదికి రెండు విడతలు కూర్చుంటుంది, మార్చి నుంచి ఒకటి, సెప్టెంబరు నుంచి ఒకటి. డిమాండు వేసిన విడతలో గానీ, దాని తరవాతి విడత ముగిసేలోగా గానీ నీ విచారణ జరిగి తీరాలి. జరగకపోతే నిన్ను నిర్దోషిగా వదిలేయాలి. సెప్టెంబరు మొదటి సోమవారం కొత్త విడత మొదలవుతుంది. ఈలోగా వేస్తే వచ్చే ఫిబ్రవరి ఆఖరుకు తేలిపోతుంది. ఒక్కరోజు దాటితే ఇంకో ఆరు నెలలు. వేసేటప్పుడు జూరీ కూర్చుని ఉండాలట, లేకపోతే ఆ విడత లెక్కలోకి రాదట. ఫోను చేసి కనుక్కున్నాను. ఆగస్టు ఆఖరి వారం జూరీ ఉంది.

ఇంకొక్కటి. వేశాక మనవైపు నుంచి ఒక్క వాయిదాకు ఒప్పుకున్నా, పిలిచిన రోజు మేము సిద్ధం అనకపోయినా, అంతా పోతుంది. హక్కును మనమే వదులుకున్నట్టు.

డునవేకు నిన్న కొత్త ఉత్తరం రాశాను. రెండే వాక్యాలు. "నా మునుపటి ఉత్తరంలోని తొందరేం లేదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మాకు తొందర ఉంది." రిజిస్టరు చేసి, సంతకం తీసుకుని ఇవ్వమన్నాను.

నీ అక్క, ఇంకా అనుకుంటే,
వర్డెల్

*

ఒకాలీ కౌంటీ జైలు
ఆగస్టు 3, 2014

అక్కా,

నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉండాలనుకున్నాను. రెండో రోజుకే, పధ్నాలుగు చేతుల మధ్య నువ్వొక్కదానివే లేచి నిలబడటం కళ్ల ముందు కనపడింది. నీ మోకాలు లేవనివ్వదు కూడా. కోపం అక్కడే ఆగిపోయింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, చిక్కుళ్లు.

డునవే నిన్న నీ రిజిస్టరు ఉత్తరం చేత పట్టుకుని వచ్చాడు. "మీ అక్కగారు నన్ను భయపెడుతున్నారండీ" అన్నాడు. అతని భయం అతనికుంది. ఈ డిమాండు వేస్తే ప్రాసిక్యూటరుకు కోపం వస్తుంది, ఒప్పుకోలు మాట వెనక్కి తీసుకుంటాడు, మేమే తొందరపెట్టాం కాబట్టి మేమూ ప్రతిసారీ తయారుగా ఉండాలి. "ఓడితే అయిదేళ్లు లోపలే" అన్నాడు. చెప్పాల్సింది చెప్పాడు, దానికి అతన్ని తప్పు పట్టను.

నేనన్నాను: "బాబూ, పియానో శ్రుతి చేసేటప్పుడు తీగను కొద్దిగా వదులుగా ఉంచితే తెగదు. కానీ అది పాడదు కూడా. బిగించు." అతనికి పియానో గురించి ఏమీ తెలియదు గానీ కలం తీశాడు.

నీ తమ్ముడు, అనుమానం లేకుండా,
లూషస్

*

హార్లెన్
ఆగస్టు 29, 2014

గ్రెషమ్ వంశపు పెద్దమనిషికి,

నిన్న, గురువారం, నీ డిమాండు పడింది. నూట నలభై మైళ్లు నేనే కారు నడుపుకుంటూ వచ్చాను. అంత దూరం వచ్చి నిన్ను చూడకుండా వెళ్లానని ఏమీ అనుకోకు, చూడనిచ్చే రోజు కాదన్నారు. జైలు పక్క వీధిలో కారాపి అయిదు నిమిషాలు నిలబడ్డాను.

డునవే కాగితం చూపించాడు. ఒకే ఒక్క పేజీ. పైన పేరు నల్లగా, పెద్దగా. సెక్షను ఉంది, నీ నంబరు ఉంది, ఆ రెండూ తప్ప ఇంకేమీ లేదు. నా జన్మలో ఇన్ని లక్షల కవర్లు చూశానుగానీ, అంత శుభ్రమైన కాగితం చూడలేదు. గుమస్తా కిటికీలో ముద్ర వేయించాడు. ప్రాసిక్యూటరు కార్యాలయంలో ఇచ్చి సంతకం తీసుకున్నాడు. ఇక పదండి భోంచేద్దాం అన్నాడు.

"జడ్జి ప్రతి ఏది?" అన్నాను.

"గుమస్తా దగ్గర ఇచ్చాం కదండీ, ఆయనకు చేరుతుంది" అన్నాడు.

"చేరుతుందన్న మాట నేను ముప్పై ఒక్క ఏళ్లు చెప్పాను బాబూ. అందులో ఎంత నిజముందో నాకు తెలుసు" అన్నాను.

మెట్లెక్కి జడ్జి గారి గదికి వెళ్లాం. బయట కూర్చున్న అమ్మాయి మంచిది, నవ్వుతూ "ఆ బుట్టలో పెట్టండమ్మా, తొందరేం లేదు, సార్ వచ్చే వారం చూస్తారు" అంది. నా మాట నాకే ఎదురొచ్చింది లూషస్. ఆ మాట కిటికీ ఇవతల నిలబడి వింటే ఎలా ఉంటుందో అరవై ఆరేళ్లకు తెలిసింది. నేను నవ్వలేదు. "వచ్చే వారం వేరే విడత అమ్మా. ఆయన ప్రతి మీదా మా ప్రతి మీదా ఇవాళ తేదీ వేసి, అందిందని రాసి, సంతకం పెట్టు. అంతదాకా నేను ఇక్కడే నిలబడతాను" అన్నాను. పెట్టింది. డునవే మన ప్రతిని సంచిలో పెట్టుకుంటూ "ఇది మరిచిపోతే మనం వేసిందంతా దండగయ్యేదేమో" అన్నాడు. ఏమో ఏమిటి, అయ్యేది.

ఇప్పుడిక నీ పని ఒక్కటే. పిలిచినప్పుడల్లా సిద్ధం.

వర్డెల్

*

హార్లెన్
జనవరి 30, 2015

లూషస్,

అక్టోబరులో పిలిచారు, డిసెంబరులో పిలిచారు, రెండుసార్లూ మీరు సిద్ధమన్నారు, రెండుసార్లూ మీకన్నా పాత కేసులు ముందు నడిచాయి. ఫిబ్రవరి ఆఖరి వారం ఒక్కటే మిగిలిందని డునవే రాశాడు. నేను వచ్చి వెనక వరసలో కూర్చుందామనుకున్నాను. దేవుడికి వేరే ఆలోచన ఉంది. మంచు పడిన మెట్ల మీద జారాను, తుంటి విరిగింది. ఆరు వారాలు కదలకూడదట. హోసియా వచ్చి వంట చేస్తున్నాడు, ఉప్పగా ఉండాల్సిన మొక్కజొన్న రొట్టెలో పంచదార వేస్తున్నాడు. దీన్ని మించిన శిక్ష నీకు కూడా పడలేదు.

ఒక్క మాట గుర్తుంచుకో. ఆఖరు నిమిషంలో నిన్ను ఎవరో ఒకరు చాలా మర్యాదగా ఏదో అడుగుతారు. మనకు మర్యాదగా అడిగితే కాదనడం రాదు. నేర్చుకో.

నీ కుంటి అక్క

*

కార్డిల్ రోడ్, నా ఇల్లు
ఫిబ్రవరి 27, 2015

వర్డెల్ అక్కకు,

నా బల్ల దగ్గర, నా కుర్చీలో కూర్చుని, నా కలంతో రాస్తున్నాను. ఫోనులో నువ్వు ఏడవడం మొదలుపెట్టి నన్ను ఒక్క ముక్క చెప్పనివ్వలేదు. నిర్దోషి అన్న మాట విన్నావు, అక్కడికెలా చేరామో వినలేదు. అది కాగితం మీద ఉండాల్సిన విషయం.

సోమవారం ఉదయం పిలిచారు. ప్రాసిక్యూటరు లేచి దర్యాప్తు చేసిన అధికారి ఊళ్లో లేడన్నాడు. తరవాత అతనే డునవే దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడాడు. డునవే నా దగ్గరికి వచ్చాడు. "మార్చికి వాయిదా ఒప్పుకుంటే బెయిలుకు అడ్డు చెప్పరట. మీరు ఈ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లొచ్చు. మీ అక్కగారికి తుంటి విరిగిందని కూడా వాళ్లకు తెలుసు, పాపం అంటున్నారు" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగారో చూడు. సంవత్సరం నుంచి బయటి గాలి పీల్చలేదు అక్కా. నీకు మంచినీళ్లిచ్చేవాడు హోసియా ఒక్కడే అన్న సంగతి తలుచుకున్నాను. సరేననాలనిపించింది. అబద్ధం చెప్పను, నిజంగా అనిపించింది.

జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "మిస్టర్ గ్రెషమ్, మీ డిమాండు కాగితం నా ముందుంది. వాయిదాకు ఒప్పుకుంటే ఇది పోతుంది. మీకు తెలుసా?" అన్నారు. ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క పేజీ. పైన నువ్వు పెట్టించిన ఆ అమ్మాయి సంతకం, ఆ గురువారం తేదీ నాకు నా కుర్చీ నుంచే కనపడ్డాయి.

నేను లేచాను. "తెలుసు సార్. మా అక్క పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు అందరికీ తొందరేం లేదని చెప్పింది. మా కుటుంబానికి ఆ మాట అయిపోయింది సార్. నాకు తొందర ఉంది. నేను సిద్ధం" అన్నాను. డునవే కూడా లేచాడు. "డిఫెన్సు సిద్ధం, యువరానర్" అన్నాడు, రెండు వందల కేసుల బరువు ఆ నిమిషానికి దింపేసినట్టు నిటారుగా నిలబడి. అతన్ని చూసి నాకు గర్వమేసింది, సొంత మేనల్లుణ్ణి చూసినట్టు.

ఆ అధికారి లేకపోయినా జడ్జి గారు ఆగలేదు, మంగళవారం జూరీని కూర్చోబెట్టారు. వాళ్ల కేసంతా ఒక్క తాళంచెవి. డునవే ఫోర్‌మైల్ చర్చి డీకన్ను ఒక్క ప్రశ్న అడిగాడు, మీ తలుపుకు మొత్తం ఎన్ని తాళంచెవులున్నాయి అని. ఆయన ప్రమాణం చేసిన మనిషి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయాడు. పాస్టరుకు ఒకటి, నాకొకటి, పాటల ఆవిడకొకటి, గడ్డి కోసేవాడికొకటి, వంటగది కమిటీకి మూడు, ఇంకా ఎవరెవరికో. పది వేళ్లూ అయిపోయాయి. మళ్లీ మొదటి వేలికి వచ్చి, "ఇంకా పూలకుండీ కింద ఒకటుంటుందండీ, అది అందరికీ తెలుసు" అన్నాడు. జూరీలో ఒకాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యాభై నిమిషాల్లో బయటికి వచ్చారు. నిర్దోషి. ఆ మాట పన్నెండు మంది తరఫున ఒక రైతు భార్య చదివింది, గట్టిగా, గది చివరిదాకా వినపడేలా.

గంటలు ఇంతవరకూ దొరకలేదు. ఎవరింట్లోనో మూలన పడి ఉన్నాయి, మోగించేవాళ్లు లేక. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తాళాల గుత్తి చీటీ విప్పి ఇచ్చారు. ఫోర్‌మైల్ తాళంచెవి నేనే తీసి డీకన్ గారి చేతిలో పెట్టాను, ఆయన అడగకముందే. "ఉంచుకోండి" అన్నాడు. "మీరందరూ కూర్చుని మళ్లీ ఇవ్వాలనుకున్నప్పుడు ఇవ్వండి" అన్నాను. ఇంకో పది చర్చిలు తాళాలు మార్చాయని విన్నాను. మనదానితో పదకొండు. మన తాళంచెవి గుత్తిలోనే ఉంచాను. పనికిరాదని తెలుసు. తీయబుద్ధి కాలేదు.

నీ తమ్ముడు,
లూషస్

*

హార్లెన్
మార్చి 9, 2015

లూషస్,

నీ ఉత్తరం చదివాక మంచం మీదే కాగితం, కలం తెప్పించుకున్నాను. ఒకే ఒక్క పేజీ రాశాను. పైన పేరు పెట్టాను: తాళంచెవికి డిమాండు. కింద ఒకే కోరిక, పైన్‌గ్రోవ్ చర్చి కొత్త తాళంచెవి లూషస్ గ్రెషమ్‌కు ఇవ్వాలి. పైకప్పు కారుతున్న సంగతి, కాఫీ గిన్నె మాడిన సంగతి కూడా రాద్దామని చెయ్యి లాగింది. రాయలేదు. నేర్చుకున్నాను. మూడు ప్రతులు తీసి హోసియా చేత పాస్టరుకూ, ఇద్దరు డీకన్లకూ ఇంటింటికీ పంపి, అందిందని సంతకాలు తెప్పించాను.

నిన్న ఆరాధన అయ్యాక డీకన్ టార్వర్ టోపీ చేత్తో పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. "ఇదేముంది వర్డెల్, వచ్చే నెల మీటింగులో పెట్టుకుందాం. నువ్వు ముందు లేచి తిరుగు, తొందరేం లేదు" అన్నాడు.

"తొందర ఉంది డీకన్. ఆరుగురొస్తే కోరం. నా వంటింట్లో ఎనిమిది కుర్చీలున్నాయి" అన్నాను.

సాయంత్రానికి హోసియాతో కలిపి తొమ్మిది మందయ్యారు, నా మంచం వంటింటి గుమ్మం దగ్గరికి జరిపి వాడు నిలబడ్డాడు. తీర్మానం టార్వరే ప్రతిపాదించాడు, నేను అడగలేదు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. వ్యతిరేకం ఎవరని అడిగితే ఎవరూ లేవలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని జరిగింది జరిగినట్టు రాశాను. ఒక్క చోట సిరా పడింది. ఇరవై మూడేళ్లలో నా పుస్తకంలో పడిన మొదటి మరక, అలాగే ఉండనిచ్చాను.

తాళంచెవి ఈ కవరులోనే ఉంది. రిజిస్టరు చేయించాను, సంతకం పెట్టి తీసుకో. పాతది గుత్తిలోంచి తీసి నాకు పంపు, ఈ పుస్తకంలో ఆ రెండు తీర్మానాల మధ్య పెడతాను.

పియానోలో ఆ మధ్య మెట్టు ఇంకా లేవలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. శనివారం పొద్దున్నే రా. నీ తాళంచెవితో నువ్వే తలుపు తీసుకో.

తొందరగా రా.

నీ అక్క,
వర్డెల్